మాన్ సాన్ మిషెల్: సందు చూసి తిరిగొచ్చేయకండి

మాన్ సాన్ మిషెల్ అంటే ఫ్రాన్స్ తీరాన సముద్రం అంచున ఒక కొండ, దాని నెత్తిన పాత మఠం. దీన్ని చూపిస్తామని పారిస్‌లో పొద్దున్నే బస్సెక్కించి రాత్రికి తెచ్చి దింపే ఒక్కరోజు ప్యాకేజీలుంటాయి చూడండి, వాటి జోలికి పోవద్దు. దూరం దాదాపు 360 కిలోమీటర్లు. పోను నాలుగు గంటలకు పైనే, రాను అంతే. దిగేసరికి జనం కిక్కిరిసి ఉంటారు. పిల్లలు ఆకలి, పెద్దలు మోకాళ్లు అంటుంటారు. ఇంకేం చూస్తారు?

పారిస్ మోంపర్నాస్ స్టేషన్‌లో టీజీవీ అనే వేగం రైలెక్కితే గంటన్నరలో రెన్ ఊరు. అక్కడి నుంచి బస్సు గంటా పావు. కారులో వెళ్తే కొండకి రెండున్నర కిలోమీటర్ల ఇవతలే పార్కింగ్. అక్కడి నుంచి ఉచిత షటిల్ పన్నెండు నిమిషాలు, నడిస్తే నలభై. షటిల్ కూడా గుమ్మం దాకా పోదు, చివర కొంచెం నడవాలి. పెద్ద సూట్‌కేసుల్ని మఠంలోకి రానివ్వరు, బస చేసే చోటే వదిలేసి రండి.

గేటు దాటగానే మొదలయ్యే గ్రాండ్ ర్యూ పేరుకే పెద్ద వీధి. రద్దీలో పక్కకి తప్పుకుంటూ నడవాల్సిన సందు. రెండువైపులా అయస్కాంతం బొమ్మలు, బిస్కెట్ డబ్బాలు. ఇక్కడి పేరుమోసిన ఆమ్లెట్‌ని రాగి గిన్నెలో గుడ్లు గిలక్కొట్టి, కట్టెల పొయ్యి మీద వేస్తారు. ముప్పై యూరోలు దాటే ఆ ప్లేటులో ఉండేది చాలావరకు నురగే. చూడ్డానికి బాగుంటుంది, కడుపు నిండదు. దానికంటే బక్‌వీట్ పిండితో మన దోసెలా వేసే గాలెట్ నయం. మామూలుగా అందులో పంది మాంసం పెడతారు, వద్దనుకుంటే ‘సాన్ జాంబో’ అని ముందే చెప్పాలి.

ఏటా సుమారు ముప్పై లక్షల మంది వస్తే మఠంలోకి వెళ్లేది దాదాపు సగమే. మిగతావాళ్లు ఈ సందు చూసి, ‘ఇంతేనా’ అని వెనక్కి తిరుగుతారు. మీరు మాత్రం గేటు దాటాక ప్రాకారం మీదికి వెళ్లే మెట్లు వెతికి పట్టుకోండి. ఒక పక్క సముద్రం, తోపులాట తక్కువ, దారి మఠం దగ్గరికే తేలుతుంది. మెట్లు మొత్తం 350 దాకా. అలిపిరి ఎక్కినవాళ్లకి లెక్కే కాదు గానీ, అత్తగారినో అమ్మనో తీసుకెళ్తే మధ్యలో కూర్చోబెడుతూ గంట కేటాయించండి.

టికెట్ 2024లో 13 యూరోలు. ఇప్పటి ధర చూసుకుని, టైమ్ స్లాట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. 18 ఏళ్ల లోపు వాళ్లకి ఉచితం. ఉదయం తలుపులు తీసే వేళ స్లాటే మేలు. పైకెళ్లగానే పడమటి వాకిట్లో వంగి నేల చూడండి. రాళ్ల మీద అక్షరాలు, గుర్తులు చెక్కి ఉంటాయి. చెక్కిన రాళ్ల లెక్కన కూలి తీసుకునే శిల్పులు ఏది ఎవరిదో తెలియడానికి పెట్టుకున్న గుర్తులవి. అందరూ వాటిని తొక్కుకుంటూ ఫోటోలు దిగుతుంటారు.

కొండ కొన మొనదేలి ఉంటుంది. దాని మీద 80 మీటర్ల పొడవు చర్చి నిలబెట్టాలంటే చదునేదీ? అందుకే 1023లో పని మొదలుపెట్టినప్పుడు మొన చుట్టూ కింద గదులు కట్టి, వాటి నెత్తిన చర్చి ఎత్తారు. 1421లో తూర్పు భాగం కూలింది. మళ్లీ కట్టినప్పుడు కింద పెట్టిన లావు స్తంభాల చుట్టుకొలత ఒక్కోటి ఐదు మీటర్ల దాకా. కింది గదిలో వాటి మధ్య నిలబడితే నెత్తిన ఎంత బరువుందో తెలుస్తుంది. ఉత్తరాన ‘మెర్వేయ్’ అనే 13వ శతాబ్దపు కట్టడం, మూడంతస్తులు. కింద బిచ్చం పెట్టే గది, పైన అతిథుల హాలు, ఆపైన సన్యాసుల భోజనశాల. ఆ భోజనశాల గుమ్మంలో నిలబడితే పక్క కిటికీలు కనబడవు, వెలుతురు మాత్రం గదినిండా ఉంటుంది. ఫ్రెంచి విప్లవం నుంచి 1863 దాకా ఇదంతా జైలు. సామాను పైకి లాగడానికి ఖైదీలు లోపల నడుస్తూ తిప్పిన పెద్ద చక్రం ఇంకా ఉంది.

ఒక రాత్రి తప్పకుండా ఉండండి. కొండ మీద గదులు ఇరుకు, ఖరీదు, సామాను మెట్ల మీదుగా మీరే మోయాలి. షటిల్ దారిలోని హోటళ్లు సుఖం, దగ్గర్లోని పోంటోర్సన్ ఊళ్లో ఇంకా చవక. టూరు బస్సులు వెళ్లిపోయాక ప్రాకారం మీద నడవడానికే ఈ ఖర్చంతా.

తేదీ ఎంచుకునే ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి. అందులో పోటు ఎంత పెద్దదో చెప్పే అంకె, కోఎఫిషియంట్, 110 దాటిన రోజు కొండ నిజంగా ద్వీపమవుతుంది. పోటు పూర్తయ్యే వేళకి రెండు గంటల ముందే ప్రాకారం మీద ఉండాలి. గైడు లేకుండా ఇసుకలోకి దిగొద్దు, ఊబులున్నాయి. కొండకి వెళ్లే వంతెనని గేటు దగ్గర నీళ్లు ముంచిన కాసేపు లోపలివాళ్లు లోపలే, కాబట్టి ఆ గంటకి రెన్ బస్సు మాత్రం బుక్ చేసుకోకండి.