బల్లార్షాలో ఫ్లైయాష్ ఇటుకలతో కట్టించిన గదులు: కొనేముందు చూడవలసినవి

మహారాష్ట్రలోని బల్లార్షాలో మా మేడ మీద రెండు గదులు ఫ్లైయాష్ ఇటుకలతో, అంటే థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా వచ్చే సన్నటి బూడిదతో చేసిన ఇటుకలతో కట్టించాం. వాటి మీద ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను: ఇటుక బాగుంది, కొనవచ్చు. అయితే అది ఏ నెలలో పోసిన ఇటుక, అందులో కలిపిన బూడిద ఎలా వచ్చింది అన్నవి కనుక్కుని కొనాలి. చంద్రపూర్, రాజురా, బల్లార్షాలలో ఇల్లు కట్టుకోబోతున్న తెలుగువాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మేము కొన్నది రాజురా రోడ్డు వైపున్న ఒక చిన్న యూనిట్‌లో. నేను చెప్పబోయే లోపాలు చుట్టుపక్కల చాలా యూనిట్లలో చూశాను కాబట్టి ఆ ఒక్కరి పేరు బయటపెట్టడం న్యాయం కాదు.

ముందు మంచి సంగతులు. ఈ ఇటుకల కొలతలో తేడా రాదు. ఇక్కడ బట్టీలో కాల్చిన మట్టి ఇటుకల్లో ఒకటి వంకర, ఒకటి పొట్టి ఉంటుంది. ఆ ఎగుడుదిగుళ్లన్నీ సర్దడానికి మాలు దట్టంగా వేయాలి. దీనికి ఆ బాధ లేదు. “దారం కట్టి పెడితే చాలమ్మా, వరస దానంతట అదే వస్తుంది” అన్నాడు మా మేస్త్రి. ఇటుక రేటులో మాకు మిగిలింది పెద్దగా లేదు. మిగిలిందంతా సిమెంటులో, ఇసుకలో, ప్లాస్టరింగ్ మందంలో. గోడలు ఇప్పటిదాకా చెమ్మ పట్టలేదు, ఉప్పు పూత రాలేదు.

నీళ్ల పరీక్ష ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. బాగా ఆరిన ఇటుకను తూచి, బకెట్ నీళ్లలో ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, పైతడి తుడిచి మళ్లీ తూచాలి. మా ఇటుక సుమారు 3 కిలోలు తూగింది, నానాక 400 గ్రాములు పెరిగింది. అంటే 13 శాతం పైచిలుకు. బూడిద, సున్నం ఇటుకలకున్న ఐఎస్ 12894 ప్రమాణం ప్రకారం మామూలు బలం ఉన్న తరగతుల్లో ఇది 20 శాతం దాటకూడదు. మట్టి ఇటుకలాగా వీటిని ముందే తొట్టిలో నానబెట్టి కట్టనక్కరలేదు, కట్టేముందు నీళ్లు చల్లితే సరిపోతుంది. ముఖం నున్నగా ఉంటుంది కాబట్టి ప్లాస్టరింగ్ పట్టు కోసం వరసల మధ్య మాలును పచ్చిగా ఉన్నప్పుడే కొంచెం గీకించాలి. ఇటుక కోసేటప్పుడు లేచే పొడిలో సిలికా ఉంటుంది, కూలీలకు మాస్కులు మీరే కొనిపెట్టండి. కోత పని చేసేవాళ్ల ఊపిరితిత్తుల కంటే ఆ ఖర్చు ఎక్కువేమీ కాదు.

ఇక లోపం. మొదటి లోడులో కింది వరసల ఇటుకలు దింపుతుండగానే మూలలు రాలాయి. రెండు మంచి ఇటుకలు తట్టిస్తే ఖంగుమంటుంది. ఇవి డప్పుమన్నాయి, మేకుతో గీస్తే పొడి రాలింది. కారణం మోసం కాదు, తొందర. ఈ ఇటుకను కాల్చరు. బూడిదలోని సిలికా, సున్నం తడిలో కలిసి మెల్లగా గట్టిపడితేనే బలం వస్తుంది. జిప్సం కలిపితే తొలిరోజుల బలం పెరుగుతుంది. ఈ మూడింటి కలయికను ‘ఫాల్-జి’ పేరుతో రూపొందించింది విశాఖపట్నంలోని ఇన్స్‌వారెబ్ సంస్థకు చెందిన భానుమతీదాస్, కాళిదాస్ గార్లు. మన తెలుగు నేల మీద పుట్టిన ఈ పద్ధతి దేశమంతటా చిన్న యూనిట్లకు బతుకుతెరువైందంటే నాకు నిజంగా గర్వం. కానీ ఆ పద్ధతికి ప్రాణం తడి. వారాల తరబడి నీళ్లు పట్టాలి. మేలో ఎండ 46, 47 డిగ్రీలకు చేరే ఊళ్లు మావి. గోనెపట్టాలు కప్పకుండా పూటకోసారి పైపుతో నీళ్లు కొడితే ఆ తడి గంట కూడా నిలవదు. అందుకని మే నెలలో పోసిన ఇటుక వద్దనండి. యజమాని మాతో వాదించలేదు, రాలిన ఇటుకలన్నీ మార్చి ఇచ్చాడు. ఆ మర్యాదకు పూర్తి మార్కులు వేస్తాను.

ఇప్పుడు బూడిద సంగతి. నాకు అసలు ముఖ్యం ఇదే. మన దేశపు బొగ్గులో మూడో వంతు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ బూడిదే. చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. అక్కడ నిత్యం ఎంత బూడిద పుడుతుందో ఊహించుకోండి. పొగలో కొట్టుకుపోయే సన్నటి బూడిదను ఈఎస్‌పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్) యంత్రాలు విద్యుదావేశంతో పట్టి తొట్లలోకి రాలుస్తాయి. పొడిగా సైలోలోకి, అంటే మూసి ఉండే ఎత్తైన నిల్వ తొట్టిలోకి చేరితే ఇటుకకు శ్రేష్ఠం. నీళ్లలో కలిపి చెరువులోకి పంపింది ముతకగా ఉంటుంది. మా యూనిట్ వాడేది పొడి బూడిదే. వేళ్ల మధ్య రుద్దితే ముఖానికి పూసుకునే పౌడరులా జారింది.

బూడిద వాడకం మీద కేంద్రం తొలి నోటిఫికేషన్ ఇచ్చింది 1999లో. 2021 డిసెంబర్ 31 నాటి నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రాలు మూడేళ్ల సగటున నూటికి నూరు శాతం వాడించాలి, ఏ ఏడాదీ 80 శాతానికి తగ్గకూడదు, మిగిల్చినదానికి టన్నుకు 1,000 రూపాయలు కట్టాలి. మంచి నిబంధన. కానీ పల్లపు నేలలు పూడ్చినా, పాత గనుల గోతులు నింపినా అది కూడా ‘వాడకం’ లెక్కలోకే వస్తుంది. ఇటుకలో బిగిసిన బూడిద, గోతిలో పోసిన బూడిద ఒకే శాతంలో కలిసిపోవడం నాకు సమ్మతం కాదు. మొదటిది గోడలో కదలకుండా ఉంటుంది, రెండోది సరిగా కప్పకపోతే గాలికి లేస్తుంది, కింది నీళ్లలోకి దిగుతుంది. విద్యుత్ సంస్థల పర్యావరణ నివేదికల్లో ఈ రెండూ విడివిడిగా పెద్ద అక్షరాల్లో కనిపించాలి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన పారిశ్రామిక ప్రాంతాల కాలుష్య సూచికలో 83.88తో దేశంలో నాలుగో స్థానంలో నిలిచిన మా జిల్లా కేంద్రం చంద్రపూర్ పక్కన బతుకుతున్నవాళ్లం, అడిగే హక్కు మాకుంది.

యూనిట్‌కు నేను మార్కులు తగ్గించింది కూడా ఇక్కడే. బూడిద మామూలుగా మూసిన ట్యాంకరులోనే వచ్చేది, పైపుతో నేరుగా సైలోలోకి దించేవారు. కానీ ట్యాంకరు దొరకని రోజుల్లో తెరిచిన టిప్పర్‌లో, పైన పట్టా కూడా సగమే కప్పి తెచ్చారు. దించే చోట పక్క చేనులోని పత్తి ఆకులు తెల్లగా మారి ఉన్నాయి. ఆ చేను రైతును అడిగితే, “గాలి ఇటు తిరిగితే మందు కొట్టడానికి కూడా చేనులోకి రాలేమక్కా” అన్నాడు. మట్టి ఇటుకల కోసం తవ్వే పొలాల పై మట్టిని కాపాడటానికే కదా బూడిద ఇటుక వాడమంటున్నారు. పక్కవాడి పంట మీద ఆ బూడిదే పడితే ఆ మేలు ఎవరికి?

ఇదంతా యజమాని ముందే చెప్పాను. పట్టాకు, బూడిద తడిపి దించడానికి అయ్యే ఖర్చు ఇటుక మీద కొన్ని పైసలు వేసుకోమన్నాను, నేను ఇస్తానన్నాను. దొంతరల మీద పోసిన తేదీ సుద్దతో రాయమంటే మర్నాటి నుంచే రాయించాడు. ప్రహరీ గోడకు ఇటుక కూడా అక్కడే చెప్పాం, వానాకాలంలో పోసిన దొంతర నుంచి. టిప్పర్‌లో తెచ్చిన బూడిదతో పోసినది వద్దని కాగితం మీద రాయించుకుని అడ్వాన్సు ఇచ్చాం.