ఈసీహెచ్‌ఎల్ చూడాలా, ఎస్పీహెచ్‌ఎల్ చూడాలా?

అమెరికా దక్షిణాదిన ఐస్ హాకీ కొత్తగా చూడబోయేవాళ్ల ప్రశ్న ఇది. ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల్లో అన్నిటికన్నా పెద్ద ఐస్ హాకీ లీగు) ముందు రెండూ కింది స్థాయి లీగులే, టికెట్టూ చవకే.

పుట్టుక: ఈసీహెచ్‌ఎల్ 1988లో 5 జట్లతో మొదలై, 2003లో పశ్చిమ తీరం జట్లనూ కలుపుకుంది. ఎస్పీహెచ్‌ఎల్ 2004లో వచ్చింది.

ఆటగాళ్లు: మొదటిదానికి పై లీగులతో ఒప్పందాలున్నాయి. మనకు నచ్చినవాడు సీజన్ మధ్యలోనే పైకి వెళ్లిపోవచ్చు. రెండోది స్వతంత్రం. అయినా అందులో లూసియానా ఐస్‌గేటర్స్‌కు ఆడిన గోల్‌కీపర్ స్కాట్ డార్లింగ్ 2015లో షికాగోతో స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్) గెలిచాడు! ఈ చిన్న లీగు మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

రిస్క్: చిన్న ఊళ్ల జట్లు మూతపడతాయి. ఐస్‌గేటర్స్ ఇప్పుడు లేదు.

అట్లాంటా వైపున్న మనవాళ్లకు అక్కడి ఈసీహెచ్‌ఎల్ జట్టు గ్లాడియేటర్స్ దగ్గర, కాబట్టి ఈసీహెచ్‌ఎల్. అలబామాలోని హంట్స్‌విల్‌లో ఉంటే ఎస్పీహెచ్‌ఎల్ జట్టు హావక్ మ్యాచ్ వదలొద్దు.