డ్రీమ్ థియేటర్: 1992 ఆల్బమా, 1999 ఆల్బమా?

అమెరికా ప్రోగ్రెసివ్ మెటల్ (పొడవైన, చిక్కుముడుల మెటల్ సంగీతం) బ్యాండ్ డ్రీమ్ థియేటర్‌ని కొత్తగా వినబోయేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. 1992 నాటి ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’తో మొదలుపెట్టాలా, 1999లో వచ్చిన ‘సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’తోనా? అభిమానుల మధ్య ఈ పంచాయితీ ఎప్పటికీ తెగదు. నా తీర్పు కోసం చివరిదాకా ఆగక్కర్లేదు. 1999దే గొప్ప ఆల్బమ్. ముందు వినాల్సింది మాత్రం 1992దే.

బ్యాండ్ పుట్టింది 1985లో, బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో. గిటారిస్ట్ జాన్ పెట్రూచి, బేస్ వాయించే జాన్ మ్యుంగ్, డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ అక్కడి విద్యార్థులే. 1989లో వచ్చిన తొలి ఆల్బమ్‌ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కెనడా గాయకుడు జేమ్స్ లాబ్రీ చేరాక వచ్చిన రెండో ఆల్బమే ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’.

ఇందులో ఎనిమిదే పాటలు. దేనికదే విడిగా నిలబడుతుంది, అదే దీని బలం. ‘పుల్ మీ అండర్’ ఎనిమిది నిమిషాల పైచిలుకు పాట. అంత పొడుగు పాట అమెరికా రాక్ రేడియోలో, ఎంటీవీలో ఆడటమే వింత. అది ముగిసే తీరు ఇంకా వింత: లాబ్రీ పాడుతూ ఉండగానే కరెంటు పోయినట్టు టక్కున ఆగిపోతుంది. ‘అనదర్ డే’ మెత్తటి పాట. పెట్రూచి తన తండ్రి క్యాన్సర్ గురించి రాసుకున్నాడు, మధ్యలో శాక్సాఫోన్ పలుకుతుంది. మెటల్ అంటేనే చెవులు మూసుకునేవాళ్లకు ముందు ఇదే వినిపించండి.

లోపం లేదా అంటే ఉంది, డ్రమ్స్ సౌండు. స్నేర్ డ్రమ్ మీద దెబ్బ పడ్డ ప్రతిసారీ మెషీన్‌లోంచి వచ్చినట్టు ఒకేలా ‘టక్’ మంటుంది. నిర్మాత డేవిడ్ ప్రేటర్ డ్రమ్స్‌కి ట్రిగర్లు (దెబ్బ పడగానే ముందే రికార్డు చేసిన శబ్దాన్ని పలికించే పరికరాలు) వాడించాడు. అది తనకు నచ్చలేదని పోర్ట్‌నాయ్ తర్వాత బాహాటంగానే చెప్పాడు. హెడ్‌ఫోన్స్‌లో వింటే మీకూ తెలిసిపోతుంది.

ఈ ఆల్బమ్‌లోనే ‘మెట్రోపాలిస్ పార్ట్ 1’ అనే తొమ్మిదిన్నర నిమిషాల పాట ఉంది. ‘పార్ట్ 1’ అని పెట్రూచి సరదాకి తగిలించాడు, రెండో భాగం ఆలోచనే అప్పటికి లేదు. అభిమానులు ఊరుకుంటారా? రెండోది ఎప్పుడని అడుగుతూనే ఉన్నారు. ఇంతలో 1997 ఆల్బమ్ దగ్గర రేడియోలో ఆడే పాటలు కావాలని రికార్డు కంపెనీ ఒత్తిడి పెట్టింది, బ్యాండ్ విసిగిపోయింది. ఆ తర్వాత దొరికిన స్వేచ్ఛలో, కొత్తగా చేరిన కీబోర్డ్ మాంత్రికుడు జోర్డన్ రూడెస్‌తో కలిసి చేసిందే ‘మెట్రోపాలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’. ఈసారి నిర్మాతలు పోర్ట్‌నాయ్, పెట్రూచిలే. 77 నిమిషాలు, ఒకే కథ.

కథ మనకు బాగా అలవాటైనదే, పునర్జన్మ. నికొలస్ అనే యువకుణ్ణి ఎవరో అమ్మాయి కలల్లో వెంటాడుతుంటుంది. హిప్నోథెరపిస్టు దగ్గరికెళితే, 1928లో హత్యకు గురైన విక్టోరియాయే గత జన్మలో తానని తెలుస్తుంది. చంపిందెవరన్నది నేను చెప్పను. నిజం చెప్పాలంటే మాటల్లో నాటకీయత కాస్త ఎక్కువే, సంగీతమే దాన్ని మోస్తుంది.

‘ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’నే చూడండి. ఆరు నిమిషాల వాద్య సంగీతం, అందులో తాళం వందసార్లకు పైగా మారుతుంది. మన కచేరీలో మామూలుగా ఒక కృతి ఏ తాళంలో ఎత్తుకుంటే ఆ తాళంలోనే ముగుస్తుంది. ఇక్కడ మీరు వేళ్లు లెక్కపెట్టేలోపే లెక్క మారిపోతుంది. మధ్యలో ఉన్నట్టుండి పాతకాలపు రాగ్‌టైమ్ పియానో, ఆ తర్వాత మ్యుంగ్ బేస్ సోలో. ఇది ఉట్టి గారడీ అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. కానీ ఇందులోని రిఫ్‌లు (పదేపదే వచ్చే చిన్న వాద్య వరసలు) కొన్ని ‘పార్ట్ 1’లోవే, దీని పేరు కూడా ఆ పాట ఆఖరి పంక్తిలోంచే వచ్చింది. ‘హోమ్’లోనూ అంతే, సితార్‌ను తలపించే ధ్వనితో మొదలై పాత పాట ముక్కల్ని మళ్లీ పైకి తెస్తుంది. ‘పార్ట్ 1’ వినకుండా వస్తే ఈ ముడులేవీ అందవు. ముందు 1992 ఆల్బమ్ వినమన్నది అందుకే.

పాట విడిగా ప్లేలిస్టులో పెట్టుకోవాలంటే మాత్రం 1992దే పైచేయి. 1999 దాంట్లోంచి ‘ది స్పిరిట్ క్యారీస్ ఆన్’ తప్ప మిగతావి బయటికి తీస్తే సగం బలం పోతుంది. గంటంపావు కుదురుగా కూర్చునే ఓపిక లేకపోతే అసలు ముట్టుకోకండి.

మరి 1994 నాటి ‘అవేక్’? చీకటి మూడున్న ఆల్బమ్, కీబోర్డ్ వాయించిన కెవిన్ మూర్‌కి ఈ బ్యాండ్‌తో అదే ఆఖరిది. వర్షం పడే రాత్రుళ్లు నేను పెట్టుకునేది అదే, కానీ కొత్తవాళ్లకి చెప్పను.

‘సీన్స్’ వినేటప్పుడు ఫోన్‌లో షఫుల్ ఆపేయండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట ముగుస్తుండగానే తర్వాతిది కలిపేసే సెట్టింగు) ఉంటే అదీ. చివర్లో గరగరమనే శబ్దం వచ్చాక వెంటనే 2002 ఆల్బమ్ ‘సిక్స్ డిగ్రీస్ ఆఫ్ ఇన్నర్ టర్బులెన్స్’ పెట్టండి. అది ఆ గరగరతోనే మొదలవుతుంది.