చిమ్మిలి ఉండలా, ఖర్జూరం లడ్డూలా?

స్కూలు నుంచి ఆకలితో వచ్చే పిల్లలకు పాకం పట్టకుండా, ఓవెన్ లేకుండా చేసి పెట్టగలిగేవి ఈ రెండూ.

ఖర్చు: చిమ్మిలికి నువ్వులు, బెల్లం చాలు. ఖర్జూరం లడ్డూకి బాదం, జీడిపప్పు కూడా కొనాలి, బిల్లు బాగా పెరుగుతుంది.

శ్రమ: ఇక్కడే అసలు తేడా. చిమ్మిలికి కప్పు నువ్వులను చిటపటలాడేదాకా దోరగా వేయించి, పూర్తిగా చల్లారనిచ్చి, ముప్పావు కప్పు బెల్లం తురుముతో దంచాలి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే నూనె తేలి ముద్దైపోతుంది. నాగుల చవితికి రోట్లో దంచిన చిమ్మిలి రుచి మిక్సీకి రాదనే నా నమ్మకం. లడ్డూకి గింజ తీసిన మెత్తటి ఖర్జూరం కప్పు, పలుకులుగా కొట్టిన పప్పులు కప్పు కలిపి చుట్టేయడమే. ఎండు ఖర్జూరం మాత్రం పనికిరాదు, ఉండ కట్టదు.

పోషకాలు: నువ్వుల్లో కాల్షియం, ఇనుము ఎక్కువ. ఖర్జూరంలో పీచు, పొటాషియం ఉంటాయి.

జాగ్రత్త: రెండూ తీపే. షుగర్ ఉన్నవాళ్లు ఖర్జూరమే కదా అని ధైర్యంగా తినకూడదు. నువ్వులు, పప్పులు కొందరికి ఎలర్జీ. చిన్నపిల్లలకు పప్పు పలుకులు గొంతులో అడ్డం పడతాయి, మెత్తగా పొడి చేయండి.

బడ్జెట్ చూసుకునేవాళ్లకు, ఎదిగే ఆడపిల్లలున్న ఇంటికి చిమ్మిలి. పొయ్యి వెలిగించే వీల్లేని హాస్టల్ గదికి, బెల్లం ఇష్టపడని పిల్లలకు ఖర్జూరం లడ్డూ.