2007 ఆల్టో: పెన్షన్ డబ్బులతో పాత కారు మెయింటెనెన్స్

ఒంగోల్లో 2007లో కొన్న ఆల్టో ఇంకా నేనే నడుపుతున్నా. అమ్మేసి కొత్తది తీసుకోమని పిల్లలు అంటారు గానీ, కొత్త కారుకి మూడు నెలలు కట్టే కిస్తీ డబ్బులతో, పెట్రోలు పక్కన పెడితే, ఈ బండికి ఏడాదంతా గడిచిపోతుంది.

రిటైరైన వాళ్లకి ముఖ్యంగా చెప్పేది, కిలోమీటర్లు చూసి సర్వీసింగ్ చేయించకండి, నెలలు చూసి చేయించండి. కందుకూరు, కావలి, ఎప్పుడన్నా నెల్లూరు, మనం తిరిగేది ఎంతని! ఇంజన్ ఆయిలు పదివేలు తిరక్కపోయినా ఏడాదికోసారి మార్పిస్తా. బ్రేక్ ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి. టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటిన టైరు ఎంత కొత్తగా కనపడినా, మన ఎండలకి రబ్బరు గట్టిపడి పోతుంది, దానితో నేను హైవే ఎక్కను. ఇంజన్ లోపలి భాగాల్ని ఒకే లెక్కలో తిప్పే టైమింగ్ బెల్టుని టైముకి మార్పించే విషయంలో అయితే అసలు బేరమే వద్దు, సింగరాయకొండ దగ్గర తెగిందంటే బండిని లాగించుకొచ్చే ఖర్చే బెల్టు ఖరీదుని మించుతుంది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, మా బండి కాలం నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు, అందుకని పెట్రోలు పైపులు కూడా మార్పించా.

మన కోస్తాలో ఉప్పుగాలికి తుప్పు పట్టి ఇంజన్ కంటే ముందు పోయేది బాడీ. కొత్తపట్నం బీచ్‌కి వెళ్లొస్తే మర్నాడే కింద భాగం మంచినీళ్లతో కడిగించాలి. అక్టోబరు వానలకి ముందు అండర్ కోటింగ్ (కింద తుప్పు పట్టకుండా వేసే పూత) వేయిస్తే కొన్ని వేలతో పోతుంది, ఫ్లోరు చిల్లులు పడ్డాక టింకరింగ్ అంటే దానికి ఎన్నో రెట్లు.

కాగితాల ఖర్చు మాత్రం బాధే. 15 ఏళ్లు నిండిన కార్లకి ఆర్సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది, పైన పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్. మళ్లీ 2027లో కట్టాలి, దానికి నెలనెలా కొంత పక్కన పెడుతున్నా. ఇంజన్ వెయ్యి సీసీ లోపు కాబట్టి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల అవతలివాళ్లకి జరిగే నష్టానికి) ఏడాదికి 2,094, జీఎస్టీ అదనం. అది చాలు, ఈ వయసు బండికి ఫుల్ ఇన్సూరెన్స్ దండగ.

స్పేర్లు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి, ఏ షెడ్డు కుర్రాడైనా విప్పి బిగించేస్తాడు, నాకు టెన్షన్ లేనిది అందుకే. కానీ ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. అందుకే రాత్రిపూట హైవే మీదికి తియ్యను, మనవళ్లతో తిరుపతి వెళ్లాల్సి వస్తే అద్దె కారు మాట్లాడుకుంటా.