ఎమ్మెస్సీ మ్యాథ్స్ మొదటి ఏడాది: సీనియర్ల నోట్సా, టెక్స్ట్‌బుక్కా, నెట్ కోచింగా?

భీమవరంలో చేరినా, అమలాపురంలో చేరినా, రాజమహేంద్రవరం నన్నయ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే చేరినా మొదటి నెలలో ఈ మూడూ ఎదురవుతాయి. ముందు చేతికొచ్చేది సీనియర్ల నోట్సు జిరాక్సు.

నోట్సుని తీసిపారేయక్కర్లేదు. సెమిస్టర్‌లో థీరం ఇచ్చి ప్రూఫ్ రాయమంటారు, దానికి అది సరిపోతుంది. కానీ రీసెర్చ్ ఫెలోషిప్‌కీ, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకీ రాసే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో 200 మార్కులకి 95 చివరి భాగమైన పార్ట్ సీవే. ఒక్కో ప్రశ్నకి 4.75. ఎన్ని ఆప్షన్లు కరెక్టో చెప్పరు, అన్నీ సరిగ్గా పెడితేనే మార్కు. బట్టీ పట్టిన ప్రూఫ్ అక్కడ అక్కరకి రాదు, కౌంటర్ ఎగ్జాంపుల్ కావాలి.

లగ్రాంజ్ థీరమే చూడండి. సబ్‌గ్రూప్ ఆర్డర్ (అంటే ఎలిమెంట్ల సంఖ్య) గ్రూప్ ఆర్డర్‌ని భాగిస్తుంది, నోట్సులో ఇంతే ఉంటుంది. మరి 12 ఎలిమెంట్లున్న గ్రూప్‌లో 6 ఎలిమెంట్ల సబ్‌గ్రూప్ ఉండి తీరాలా? అక్కర్లేదు. నాలుగు వస్తువుల ఈవెన్ పర్ముటేషన్ల గ్రూప్ తీసుకోండి. 6 ఎలిమెంట్ల సబ్‌గ్రూప్ ఉంటే దాని ఇండెక్స్ (12ని 6తో భాగిస్తే వచ్చేది) 2, కాబట్టి ప్రతి ఎలిమెంట్ స్క్వేరూ అందులోకి రావాలి. ప్రతి 3-సైకిలూ (మూడు వస్తువుల్ని చక్రంలా తిప్పే పర్ముటేషన్) దాని ఇన్వర్స్‌కి స్క్వేరే. అలాంటివి 8 ఉన్నాయి. ఆరింటిలో ఎనిమిది ఎలా పడతాయి? ఇది ఒక్కసారి సొంతంగా రాసుకున్నవాళ్లు మళ్లీ మర్చిపోరు.

టెక్స్ట్‌బుక్ ఇచ్చేది ఇదే. థీరం చదివి పుస్తకం మూసి, ఇరవై నిమిషాలు ప్రయత్నించండి. కదలకపోతే రెండు లైన్లు చూసి మళ్లీ మూయండి. ప్రూఫ్ పూర్తయ్యాక ఒక్కో కండిషనూ తీసేసి ఎక్కడ తెగుతుందో వెతకండి. గంటకి రెండు పేజీలే కదిలినా కంగారు పడకండి, ఈ సబ్జెక్టు వేగమే అంత.

చిక్కల్లా టైముతోనే. అన్ని పేపర్లూ ఇలా చదవబోతే నవంబరుకల్లా అన్నీ సగంలో ఆగిపోతాయి. ఆల్జీబ్రా, రియల్ ఎనాలిసిస్ రెండూ టెక్స్ట్‌బుక్‌తో చదవండి, టోపాలజీ, ఫంక్షనల్ ఎనాలిసిస్ వాటి మీదే నిలబడతాయి. మిగతా పేపర్లకి నోట్సు చాలు. కోనసీమ నుంచి రోజూ బస్సులో వచ్చేవాళ్లు దారిలో డెఫినిషన్లు మననం చేసుకోవచ్చు. ప్రూఫ్ మాత్రం ఇంటి దగ్గర కాగితం మీద పెట్టాల్సిందే.

కోచింగ్ మొదటి ఏడాదిలో వద్దు, మా మాట ఇది గట్టిగానే. పునాది లేకుండా షార్ట్‌కట్లు నేర్చుకుంటే ప్రశ్న కాస్త తిప్పి అడగ్గానే చేతులెత్తేయాలి. క్లాసులో అర్థం కాని చోటికి ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలైన ఎన్‌పీటీఈఎల్ లెక్చర్లు ఉచితంగానే ఉన్నాయి. మూడో సెమిస్టర్ నుంచి పాత నెట్ పేపర్లు తీయండి. పార్ట్ సీలో నాలుగు ఆప్షన్లకీ, అవునంటే ఎందుకవునో, కాదంటే ఏ ఎగ్జాంపుల్‌తో కాదో ఒక్కో లైను రాశాకే కీ చూడండి. ఇలా ఓ నెల చేశాక కూడా ఏ చాప్టర్లో లైను రాయలేకపోతున్నారో, ఆ చాప్టర్‌కే కోచింగ్ వెతుక్కోండి.