సింగపూర్ చివరి రోజుకు ముస్తఫా సెంటర్

మిత్రులతో కలిసి సింగపూర్ వెళ్లినవారికి చివరి రోజున రెండు పనులు తప్పవు: ఇంటిల్లిపాదికీ ఇవ్వవలసినవి కొనడం, వాటిని పెట్టెల్లో పట్టించడం. ఊరంతా తిరగకుండా ఒక్కచోటే ఈ పని ముగించుకోవడానికి లిటిల్ ఇండియాలోని సయ్యద్ అల్వీ రోడ్డు మీద ఉన్న ముస్తఫా సెంటర్ చాలా అనువైన దుకాణం. రాత్రి విమానం పెట్టుకుని మా బృందం పగలంతా అక్కడే గడిపింది కనుక ఈ మాట నమ్మకంగా చెప్పగలను.

1971లో చిన్న బట్టల కొట్టుగా మొదలైన ఈ వ్యాపారం 1995లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. కోవిడ్‌కు ముందు 24 గంటలూ తెరిచి ఉండేది. ఇప్పుడు కూడా అర్ధరాత్రి దాటేవరకు అమ్మకాలు సాగుతాయి. గడియారాలు, అత్తర్లు, మందులు, బంగారం, బట్టలు, పెట్టెలు, కిరాణా సరుకులు అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. ధర వస్తువు మీదే రాసి ఉంటుంది కాబట్టి బేరమాడడం చేతకానివారికి ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. బృందంగా వెళ్లినవారికి ఇది పెద్ద సౌకర్యం: ఒకరు గడియారాల దగ్గర ఎంతసేపు నిలబడినా మిగిలినవారు విసుక్కోనక్కరలేదు, ఎవరి జాబితా వారు చూసుకుని చెప్పుకున్న వేళకు గుమ్మం దగ్గర కలుసుకోవచ్చు. అయితే గుమ్మాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. ఏ గుమ్మమో ముందే అనుకోవాలి.

చాక్లెట్ల కోసం నేరుగా సూపర్‌మార్కెట్ ఉన్న రెండో లెవెల్‌కు వెళ్లాలి. సింగపూర్‌లో నేల అంతస్తునే ఒకటో లెవెల్ అంటారు కనుక ఒక్క అంతస్తు ఎక్కితే చాలు. మా వాళ్లందరి బుట్టల్లోనూ చేరినది మాత్రం గొడ్డలి బొమ్మ ఉన్న యాక్స్ ఆయిల్. 1928 నాటి ఈ సింగపూర్ సంస్థ తైలం ఆకుపచ్చగా ఉంటుంది. మూత తీయగానే కర్పూరం, పుదీనా కలిసిన ఘాటు ముక్కుకు తగులుతుంది. 3 మిల్లీలీటర్ల బుల్లి సీసాలు కూడా ఉన్నాయి. తలనొప్పికి, జలుబుకు రాసుకునే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇంతకన్నా మెచ్చే కానుక మరొకటి ఉండదు. బరువూ లేదు, ఇరుగుపొరుగుకు పంచడానికీ వీలుగా ఉంటుంది.

విద్యుత్ పరికరాల విషయంలో నా సలహా వేరు. సింగపూర్ ప్లగ్గులకు దీర్ఘచతురస్రాకారపు పిన్నులు మూడుంటాయి, అవి మన సాకెట్లలో పట్టవు. వారంటీ భారతదేశంలో చెల్లుతుందో లేదో కూడా వస్తువువారీగా అడిగి తెలుసుకోవాలి. ఈ రెండూ చూసుకుని, హైదరాబాద్ ధరతో పోల్చుకున్నాక కూడా లాభం కనిపిస్తేనే కొనండి.

వేళ విషయానికొస్తే, ఉదయమే వెళ్లడం మేలు. సాయంత్రం, ముఖ్యంగా ఆదివారం, లిటిల్ ఇండియా వీధులే కిటకిటలాడతాయి. ఇక అల్మరాల మధ్య సన్నని దారుల్లో బుట్టతో నడవడం పెద్దవాళ్లకు కష్టం. ఫారర్ పార్క్ మెట్రో స్టేషన్ నుంచి నాలుగు అడుగులు వేస్తే దుకాణం వస్తుంది. మధ్యాహ్నం అన్నానికి సెరంగూన్ రోడ్డు మీదే 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఉంది. పరాయి దేశంలో కొన్నాళ్లు తిరిగాక సాంబారు, పెరుగుతో తినే శాకాహార భోజనం చివరి రోజున ఎంత హాయినిస్తుందో మా బృందంలో మాంసాహారులు కూడా ఒప్పుకున్నారు.

బిల్లు దగ్గర ఒక జాగ్రత్త. వస్తువుల ధరలో 9 శాతం జీఎస్‌టీ కలిసి ఉంటుంది. పన్ను వాపసు ఇచ్చే దుకాణాల్లో కనీసం 100 సింగపూర్ డాలర్లకు కొన్న పర్యాటకులు దాన్ని వెనక్కి కోరవచ్చు. నిర్వహణ రుసుము పోగా మిగిలినది చేతికి వస్తుంది. పాస్‌పోర్టు వెంట ఉండాలి, ఎవరు కొంటే వారే కోరాలి. కాబట్టి మిత్రులందరి కొనుగోళ్లు కలిపి ఒకరి పేర వేయించుకుందామనే ఆలోచన పెట్టుకోవద్దు. కొన్నవాటిని చెకిన్ పెట్టెలో వేయదలచుకుంటే, చాంగి విమానాశ్రయంలో ఆ పెట్టె అప్పగించకముందే పన్ను వాపసు యంత్రం దగ్గరికి వెళ్లాలి. అధికారులు వస్తువులు చూపించమని అడగవచ్చు కనుక వాటిని పెట్టెలో పైనే సర్దుకుని, ఈ పనికి అదనంగా అరగంటైనా కేటాయించుకోవాలి.